ఆట ఆగినా మీటరు ఆగదు: ఇంట్లో వీడియో గేమ్‌ల కరెంటు లెక్క

సంక్షిప్తంగా: ఆడే గంటలను తగ్గించకుండానే గేమింగ్‌కు అయ్యే కరెంటును చెప్పుకోదగ్గంతగా తగ్గించవచ్చు. తెర చూపించలేని ఫ్రేమ్‌లను (కదిలే దృశ్యంలోని ఒక్కో చిత్రాన్ని) గీయడానికి, ఎవరూ ఆడని వేళల్లో మేలుకొని ఉండడానికి యంత్రం తీసుకునే కరెంటే ముందుగా ఆపవలసినది. అలా మిగిలేది నెలకు ఐదారు యూనిట్లే అయినా, అవి శ్లాబు అంచున పడే యూనిట్లయితే బిల్లులో వందల రూపాయల తేడా కనిపిస్తుంది. ముఖ్యంగా తెలంగాణలో ఇది 200 యూనిట్ల గీత దగ్గర జరుగుతుంది.

అనుమానం ఎవరి మీద?

వేసవి సెలవులు ముగిశాక వచ్చే కరెంటు బిల్లు చూడగానే చాలా ఇళ్లలో అనుమానం ముందుగా పిల్లల గేమింగ్ మీదకే పోతుంది. ఆ అనుమానంలో కొంత నిజం ఉంది, కొంత పొరపాటు ఉంది. పొరపాటు సాధారణంగా వాట్ల దగ్గరే మొదలవుతుంది. కంప్యూటర్ కేబినెట్‌లో 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) ఉందంటే ఆ కంప్యూటర్ గంటకు ముప్పావు యూనిట్ కాలుస్తుందని అనుకునేవారు ఎక్కువ. ఆ అంకె సరఫరా చేయగల గరిష్ఠ సామర్థ్యాన్ని మాత్రమే చెబుతుంది. లోపలి భాగాలు 300 వాట్లు అడిగితే అది గోడ ప్లగ్గు నుంచి ఆ 300 వాట్లతో పాటు తన మార్పిడిలో పోయే నష్టాన్ని కలిపి తీసుకుంటుంది. సామర్థ్యానికి ఇచ్చే గోల్డ్ ముద్ర ఉన్న ఎస్‌ఎంపీఎస్ సగం భారం దగ్గర దాదాపు 90 శాతం సామర్థ్యంతో పనిచేస్తుంది కాబట్టి, ఆ సందర్భంలో ప్లగ్గు దగ్గర పడే భారం 335 వాట్లకు అటూ ఇటుగా ఉంటుంది. ఏ ముద్రా లేని చవక రకాల్లో నష్టం ఇంకా ఎక్కువ ఉంటుంది, అది వేడిగా మారి గదిలోకే వస్తుంది.

వెయ్యి వాట్ల భారం గంటసేపు నడిస్తే ఒక యూనిట్. ఈ ఒక్క సూత్రం చేతిలో ఉంటే ఏ పరికరం లెక్కనైనా ఇంట్లోనే వేసుకోవచ్చు.

ఏ పరికరం ఎంత తీసుకుంటుంది

తెలుగు రాష్ట్రాల్లో గేమ్‌లు ఆడేవారిలో అత్యధికులు ఫోన్‌లోనే ఆడతారు, వారికి ఈ వ్యాసంతో పెద్దగా పని లేదు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో నిల్వ ఉండేది సుమారు 19 వాట్ అవర్ల శక్తి. చార్జర్‌లో పోయే నష్టాన్ని కలుపుకున్నా ఒక యూనిట్ కరెంటుతో అలాంటి ఫోన్‌ను దాదాపు 40 సార్లు నింపవచ్చు. రోజూ రెండుసార్లు చార్జింగ్ పెట్టినా నెలకు రెండు యూనిట్లు దాటదు.

లెక్క మారేది టీవీకి కలిపే కన్సోళ్లు, గేమింగ్ కంప్యూటర్ల దగ్గర. ప్లేస్టేషన్ 5 కోసమే తయారైన భారీ గేమ్ ఆడేటప్పుడు ఆ యంత్రం సుమారు 200 వాట్లు తీసుకుంటుంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కూడా ఇంచుమించు అదే కోవలోకి వస్తుంది. ఎక్స్‌బాక్స్‌లలోనే చిన్న యంత్రమైన సిరీస్ ఎస్ మాత్రం 75 వాట్ల దరిదాపుల్లో ఆగిపోతుంది. మొదటి తరం నింటెండో స్విచ్‌ను టీవీకి కలిపినప్పుడు కూడా అది 20 వాట్లు దాటదు. ఇక కంప్యూటర్ల విషయంలో ఒకే సమాధానం లేదు. తెర మీది దృశ్యాలను గీసే గ్రాఫిక్స్ కార్డుకు తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ విద్యుత్తు, ఎన్‌విడియా సంస్థ కార్డుల్లో చూస్తే, ఆర్‌టీఎక్స్ 4060కి 115 వాట్లు, ఆర్‌టీఎక్స్ 3060కి 170 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4090కి 450 వాట్లు, ఆర్‌టీఎక్స్ 5090కి ఏకంగా 575 వాట్లు. దీనికి ప్రాసెసర్, మదర్‌బోర్డు, ఫ్యాన్లు, మానిటర్ తోడవుతాయి. అందుకే రెండు ఇళ్లలో ఒకే గేమ్ ఒకే సమయం ఆడినా మీటరు మీద మూడు నాలుగు రెట్ల తేడా రావచ్చు.

ఈ అంతరాన్ని అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలకు చెందిన ఇవాన్ మిల్స్, ఆయన కుమారుడు నాథనీల్ 2015లో ప్రచురించిన అధ్యయనం అంకెల్లో పెట్టింది. సగటు గేమింగ్ కంప్యూటర్ ఏడాదికి సుమారు 1400 యూనిట్లు తీసుకుంటుందనీ, అది పది గేమ్ కన్సోళ్ల వాడకానికి సమానమనీ ఆ అధ్యయనం అంచనా వేసింది. సరైన భాగాలను ఎంచుకుని, సెట్టింగులు మారిస్తే ఆటలో నాణ్యత తగ్గకుండానే అందులో నాలుగింట మూడు వంతులకు పైగా ఆదా చేయవచ్చని కూడా తేల్చింది. పదేళ్లలో చిప్‌ల సామర్థ్యం బాగా మెరుగుపడింది, కానీ పెద్ద కార్డుల ఆకలి దానికంటే వేగంగా పెరిగింది కాబట్టి ఆ హెచ్చరిక పాతబడలేదు.

చివరి ఐదు యూనిట్ల ధర

గేమింగ్ ఖర్చు చెప్పే వ్యాసాలు ఎక్కువగా యూనిట్‌కు ఒక సగటు ధర కట్టి గుణించి వదిలేస్తాయి. శ్లాబుల పద్ధతి ఉన్న చోట ఆ గుణకారం తప్పుదోవ పట్టిస్తుంది, ఎందుకంటే అదనంగా వాడిన యూనిట్ల ధరను ఆ ఇంట్లో అప్పటికే ఉన్న వాడకం నిర్ణయిస్తుంది. తెలుగు రాష్ట్రాలు రెండూ దీనికి మంచి ఉదాహరణలు. 2022 నుంచి అమల్లో ఉన్న ధరలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే ఆటకు రెండు చోట్లా రెండు వేర్వేరు ఖర్చులు వస్తాయి.

గేమింగ్ లేకుండా నెలకు 180 యూనిట్లు వాడే ఇంటిని ఊహించుకుందాం. ఆ ఇంట్లో ప్లేస్టేషన్ 5 మీద రోజుకు మూడు గంటలు ఆడుతున్నారు. కన్సోల్‌కు 200 వాట్లు, 43 అంగుళాల టీవీకి 80 వాట్లు అనుకుంటే గంటకు 0.28 యూనిట్, నెలకు 25 యూనిట్ల పైచిలుకు అవుతుంది. వాడకం 205 యూనిట్లకు చేరుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ధరలు మెట్లు మెట్లుగా పెరుగుతాయి. మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75 చొప్పున పడుతుంది. పై మెట్టు ఎక్కినా కింది మెట్ల ధర మారదు. కాబట్టి అదనపు 25 యూనిట్లకు ఆరు రూపాయల చొప్పున విద్యుత్ వాడకపు చార్జీ రూ.150 మేర పెరుగుతుంది, అంతకు మించదు.

తెలంగాణలో లెక్క వేరు. నెల వాడకం 100 దాటి 200 లోపు ఉన్న ఇంటికి మొదటి వంద యూనిట్లు రూ.3.40 చొప్పున, తర్వాతి వంద రూ.4.80 చొప్పున పడతాయి. వాడకం 200 దాటిన మరుక్షణం ఇల్లు మరో వర్గంలోకి మారుతుంది, అక్కడ మొదటి యూనిట్ నుంచి 200 వరకు అన్నిటికీ రూ.5.10, ఆపైన 300 వరకు రూ.7.70 వసూలు చేస్తారు. 200 యూనిట్లకు రూ.820గా ఉన్న విద్యుత్ వాడకపు చార్జీ 201వ యూనిట్‌తో దాదాపు రూ.1028కి ఎగబాకుతుంది. మన ఉదాహరణలోని ఇంటికి 180 యూనిట్ల దగ్గర పడే రూ.724, గేమింగ్‌తో 205 యూనిట్లకు చేరగానే దాదాపు రూ.1060 అవుతుంది. 25 యూనిట్లకు రూ.336 అంటే యూనిట్‌కు పదమూడు రూపాయల పైమాట. స్థిర చార్జీలు, కస్టమర్ చార్జీలు, విద్యుత్ సుంకం, సర్దుబాటు చార్జీలు దీనిలో కలపలేదు.

ఇదే లెక్కను వెనక్కి నడిపిస్తే పొదుపు ఎక్కడ ఉందో తెలుస్తుంది. ఆ ఇల్లు గేమింగ్‌లో నెలకు ఆరు యూనిట్లు మిగుల్చుకోగలిగితే మళ్లీ 200 గీతకు లోపలికి వస్తుంది, బిల్లు సుమారు రూ.240 తగ్గుతుంది. ఆ ఆరు యూనిట్లలో ఒక్కొక్కటి రూ.40 విలువ చేసినట్టు. ఇక గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి సున్నా బిల్లు అందుకుంటున్న కుటుంబాలకైతే ఈ గీత మరింత పదునైనది. 200 లోపు ఉంటే కట్టవలసింది ఏమీ ఉండదు, దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాలి.

నెలకు ఆరు యూనిట్లంటే రోజుకు 200 వాట్ అవర్లు. ఆటను మధ్యలో ఆపి, టీవీని, కన్సోల్‌ను అలాగే వదిలేసి భోజనానికి వెళ్లిన ముప్పావు గంటలో అంత కరెంటూ ఖర్చయిపోతుంది.

తెర చూపలేని ఫ్రేమ్‌లు

వృథా ఎక్కడ పుడుతుందో తెలియాలంటే గ్రాఫిక్స్ కార్డు చేసే పని తెలియాలి. కదిలే దృశ్యం నిజానికి వెంటవెంటనే గీసిన నిశ్చల చిత్రాల వరస. ఒక్కో చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు. పరిమితి పెట్టకపోతే గ్రాఫిక్స్ కార్డు తన శక్తి మేరకు ఎన్ని ఫ్రేమ్‌లు గీయగలిగితే అన్నీ గీస్తూనే ఉంటుంది. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 ఫ్రేమ్‌లకు మించి చూపించలేదు. అయినా కార్డు 180 గీస్తే, అందులో మూడింట రెండు వంతుల శ్రమ కంటికి ఆనదు. పోటీ స్థాయిలో ఆడేవారికి అదనపు ఫ్రేమ్‌ల వల్ల మౌస్ కదలిక తెర మీద కనిపించే ఆలస్యం కొద్దిగా తగ్గుతుందన్నది నిజమే. ఇంట్లో కథా ప్రధానమైన గేమ్ ఆడుకునేవారికి ఆ తేడా దాదాపు తెలియదు.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ 2021 జూలైలో కనిపించింది. న్యూ వరల్డ్ అనే గేమ్ పరీక్షా దశలో ఉండగా, మెనూ తెర దగ్గర ఫ్రేమ్‌లకు పరిమితి లేకపోవడంతో కొన్ని ఖరీదైన ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు విపరీతమైన భారానికి లోనై పాడైపోయాయి. ఆ కార్డుల తయారీ సంస్థ తన కార్డుల్లో టంకం పనిలో లోపం ఉన్నట్టు తర్వాత చెప్పింది, గేమ్ తయారీదారులు మెనూలో ఫ్రేమ్‌లకు పరిమితి విధించారు. కార్డులు కాలిపోవడం అరుదైన సంఘటన కావచ్చు గానీ, యుద్ధం జరగని మెనూ తెర యుద్ధమంత కరెంటు తాగడం మాత్రం అరుదు కాదు.

పరిష్కారం సులభం. చాలా గేమ్‌ల సెట్టింగుల్లోనే గరిష్ఠ ఫ్రేమ్ రేటు అనే అంశం ఉంటుంది. లేకపోతే ఎన్‌విడియా కార్డులకు కంట్రోల్ ప్యానెల్‌లో 2020 నుంచి అదే సదుపాయం ఉంది, ఏఎండీ కార్డులకు రేడియాన్ చిల్ ఉంది. తెర హెర్ట్జ్‌కు సమానంగా పరిమితి పెడితే కార్డు ఒక్కో ఫ్రేమ్ గీశాక కాస్త విశ్రాంతి తీసుకుంటుంది, ఫ్యాన్ చప్పుడు కూడా తగ్గుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపించే డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ వంటి పద్ధతులు కార్డు శ్రమను తగ్గిస్తాయి కాబట్టి కరెంటు ఆదా అవుతుందని చెబుతుంటారు. ఫ్రేమ్‌లకు పరిమితి ఉన్నప్పుడే ఆ మాట నిజం. పరిమితి లేకపోతే మిగిలిన శక్తినంతా కార్డు ఇంకా ఎక్కువ ఫ్రేమ్‌లు గీయడానికే వాడేస్తుంది, మీటరు మీద తేడా కనిపించదు.

రెండో మార్గం కార్డు పవర్ లిమిట్‌ను, అంటే అది తీసుకోగల విద్యుత్తుకు ఉన్న హద్దును, తగ్గించడం. చిప్ తీసుకునే విద్యుత్తు దాని వేగానికి అనులోమంగా, వోల్టేజీ వర్గానికి (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే విలువకు) అనులోమంగా పెరుగుతుంది. వేగాన్ని, వోల్టేజీని చెరి పది శాతం తగ్గిస్తే ఆ భాగంలో విద్యుత్తు సుమారు 27 శాతం తగ్గడానికి కారణం ఇదే. తయారీదారులు పోటీలో ఒకటి రెండు శాతం ముందుండడం కోసం కార్డులను ఈ వక్రరేఖలో బాగా నిటారుగా ఉన్న చోట నడిపిస్తారు. అందువల్ల 450 వాట్ల కార్డును 315 వాట్లకు కుదించినా చాలా గేమ్‌లలో వేగం పది శాతం కూడా పడిపోదు. పవర్ లిమిట్ తగ్గించడం వల్ల కార్డుకు హాని లేదు. వోల్టేజీని విడిగా తగ్గించడం మాత్రం ఓపికతో, కొద్దికొద్దిగా చేయాల్సిన పని, ఎక్కువ తగ్గిస్తే గేమ్ మధ్యలో ఆగిపోతుంది.

ఆపిన ఆట, నిద్రపోని యంత్రం

పాజ్ నొక్కితే యంత్రం కూడా ఆగుతుందనే నమ్మకం బలంగా ఉంది. ఎక్కువ గేమ్‌లలో పాజ్ అంటే కథ మాత్రమే ఆగుతుంది, వెనకాల దృశ్యాన్ని కార్డు గీస్తూనే ఉంటుంది. ఆటను భద్రపరచుకునే సేవ్ పాయింట్ రాలేదనే భయంతో గంటల తరబడి పాజ్‌లో వదిలేసేవారికి కన్సోళ్లలోని రెస్ట్ మోడ్ మెరుగైన మార్గం. ఆట ఉన్న చోటే నిలిచిపోతుంది, కరెంటు మాత్రం 200 వాట్ల నుంచి కొద్ది వాట్లకు దిగుతుంది. అయితే మన ఇళ్లలో పని అయిపోగానే గోడ స్విచ్చి కట్టేసే మంచి అలవాటు ఇక్కడ కాస్త జాగ్రత్తగా పాటించాలి. ప్లేస్టేషన్ 5 మీద నారింజ రంగు దీపం వెలుగుతుండగా స్విచ్చి కడితే నిలిపి ఉంచిన ఆట పోతుంది, డేటా దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. గోడ స్విచ్చి కట్టాలంటే ముందు యంత్రాన్ని పూర్తిగా ఆపాలి.

నిద్రలోనూ రకాలున్నాయి. ఎక్స్‌బాక్స్ పాత స్లీప్ పద్ధతిలో 10 నుంచి 15 వాట్లు తీసుకుంటుంది, విద్యుత్ ఆదా షట్‌డౌన్ పద్ధతిలో అర వాట్ మాత్రమే. ఆడని 21 గంటల పాటు 12 వాట్ల చొప్పున నెలంతా లెక్కిస్తే ఏడున్నర యూనిట్లు అవుతాయి. పైన చెప్పిన 200 గీతకు దగ్గరగా ఉన్న ఇంటిని దాటించడానికి ఇది ఒక్కటే చాలు. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ యంత్రాలను షట్‌డౌన్ పద్ధతికి మార్చే అప్‌డేట్‌ను ప్రకటించింది. ఆ పద్ధతిలో ఉన్నా అప్‌డేట్‌లు దిగుమతి అవుతూనే ఉంటాయి, కాకపోతే యంత్రం తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది. వెంటనే తెరుచుకోవాలని సెట్టింగ్‌ను మళ్లీ వెనక్కి మార్చుకున్నవారు ఆ కొన్ని సెకన్లకు ఎంత చెల్లిస్తున్నారో ఈ లెక్కతో పోల్చుకోవచ్చు. సోనీ 2025లో ప్లేస్టేషన్ 5కు పవర్ సేవర్ సదుపాయాన్ని తెచ్చింది. దానికి అనుగుణంగా మార్చిన గేమ్‌లలో యంత్రం తన వేగాన్ని తగ్గించుకుని తక్కువ కరెంటుతో నడుస్తుంది.

కన్సోల్‌లో సినిమాలు, యూట్యూబ్ చూడడం మరో చిన్న చిల్లు. టీవీలోని సొంత యాప్‌కు అదనంగా ఏమీ కానక్కరలేదు, హెచ్‌డీఎంఐ స్టిక్‌కు నాలుగైదు వాట్లు చాలు. అదే పనికి పెద్ద కన్సోల్ సుమారు 50 వాట్లు తీసుకుంటుంది.

టీవీ, ఏసీ: పక్కనుండే పెద్ద వాటా

తెర పరిమాణం, వెలుతురు బిల్లులో ఆటంత భాగం కాకపోయినా తక్కువేమీ కాదు. 27 అంగుళాల మానిటర్ 30 నుంచి 40 వాట్లతో నడిచే చోట 55 అంగుళాల టీవీ వంద దాటుతుంది. వెలుగునీడల తేడాను పెంచి చూపే హెచ్‌డీఆర్, గరిష్ఠ వెలుతురు కలిస్తే ఇంకా పైకి పోతుంది. దుకాణంలో మెరిసేలా అమర్చిన వివిడ్ పద్ధతిని ఇంటికి వచ్చాక కూడా అలాగే ఉంచుకునేవారు చాలామంది.

అసలు బరువు ఏసీది. గేమింగ్ యంత్రం తీసుకున్న ప్రతి వాటూ చివరకు వేడిగా మారి గదిలోనే మిగులుతుంది. కన్సోల్, టీవీ కలిసి 280 వాట్లంటే ఆ గదిలో చిన్న హీటరు వెలిగించినట్టే. మూడున్నర ప్రాంతపు సామర్థ్య నిష్పత్తి ఉన్న, అంటే ఒక వాట్ కరెంటుతో మూడున్నర వాట్ల వేడిని తోలగల ఏసీ ఆ వేడిని బయటకు తోలడానికి అదనంగా 80 వాట్లు తీసుకుంటుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఆడేవారికి 280 అనుకున్నది నిజానికి 360. ఏసీ ఎలాగూ నడుస్తున్న గదిలో ఆడితే ఖర్చు ఇంతటితో ఆగుతుంది. ఆట కోసమే వేరే గదిలో ఏసీ వేస్తే మాత్రం లెక్క తలకిందులవుతుంది. ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ గంటకు ముప్పావు యూనిట్ తీసుకున్నా రోజుకు మూడు గంటల చొప్పున నెలకు 67 యూనిట్లు, అంటే కన్సోల్, టీవీ కలిపి వాడినదానికి రెండున్నర రెట్లు అవుతుంది. వేసవి బిల్లులో గేమింగ్ మీద పడే నిందలో పెద్ద భాగం ఈ ఏసీకి చెందాల్సినదే. 2020 జనవరి నుంచి దేశంలో అమ్మే గది ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన ఉంది. ఆ అంకెను 18కి దించకుండా ఉంటే వచ్చే ఆదా, గ్రాఫిక్స్ సెట్టింగులతో వచ్చే ఆదాను సులభంగా మించుతుంది.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది

ఫ్రిజ్, ఏసీ, టీవీ కొనేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టే కొనుగోలుదారుకు గేమ్ కన్సోల్ పెట్టె మీద అలాంటి ఆధారం దొరకదు. ఐరోపాలో సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో 2015 నుంచి ఒక స్వచ్ఛంద ఒప్పందానికి కట్టుబడి, మెనూలోనూ వీడియోలు చూసేటప్పుడూ కన్సోల్ తీసుకునే కరెంటుకు పరిమితులు పాటిస్తున్నాయి. అమెరికాలో కాలిఫోర్నియా నిబంధనలు కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు తీసుకునే విద్యుత్తుకు హద్దు పెట్టాయి. 2021 జూలైలో డెల్ సంస్థ ఏలియన్‌వేర్ గేమింగ్ కంప్యూటర్లలో కొన్ని రకాలను కాలిఫోర్నియాతో పాటు మరో ఐదు రాష్ట్రాలకు పంపడం ఆపేయడంతో ఈ సంగతి వార్తల్లోకి వచ్చింది. గేమింగ్ కంప్యూటర్లను నిషేధించారని అప్పట్లో ప్రచారం జరిగింది గానీ, ఆ నిబంధన ఆడేటప్పటి వాడకాన్ని ముట్టుకోలేదు. ఊరికే ఉన్నప్పటి వృథా గురించే మాట్లాడింది.

ఇంట్లోనే కొలిచే పద్ధతి

పైన ఇచ్చిన వాట్లన్నీ సుమారు అంకెలే, గేమ్‌ను బట్టీ యంత్రాన్ని బట్టీ మారతాయి. కరెంటును కొలిచే స్మార్ట్ ప్లగ్గు ఉంటే ఒక వారం గమనిస్తే చాలు. అది లేకపోయినా ఇంటి మీటరే సాధనం. ఎలక్ట్రానిక్ మీటరు ముఖం మీద ఒక యూనిట్‌కు ఎర్ర దీపం ఎన్నిసార్లు మిణుకుతుందో ముద్రించి ఉంటుంది, ఉదాహరణకు 3200. ఫ్రిజ్‌తో సహా మిగతా అన్నీ కాసేపు కట్టేసి, గేమ్ నడుస్తుండగా నిమిషానికి ఎన్ని మిణుకులో లెక్కించాలి. అలాంటి మీటరు మీద నిమిషానికి 15 మిణుకులు కనిపిస్తే భారం దాదాపు 280 వాట్లు. ఇప్పుడు పాజ్ నొక్కి మరో నిమిషం లెక్కపెట్టాలి. ఆ తర్వాత మెనూలో ఒక నిమిషం, ఫ్రేమ్ పరిమితి పెట్టాక ఒక నిమిషం, రెస్ట్ మోడ్‌లోకి పంపి మరో రెండు మూడు నిమిషాలు చూస్తే, ఆ ఇంట్లో 200 గీతను దాటిస్తున్న యూనిట్లు ఏ తెర వెనక దాక్కున్నాయో బయటపడుతుంది.